చలనచిత్ర పితామహుడు రఘుపతి వెంకయ్య

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల పల్లెల్లో వీధినాటకం ఆడే రాత్రి, తెర లేవకముందే హార్మోనియం మోగుతుంది. ఆ మోత వినగానే పిల్లలు చాపలు చంకన పెట్టుకొని పరుగెత్తుతారు. రాక్షస వేషం రంగం మీదికి వచ్చేటప్పుడు మద్దెల దరువు మారుతుంది. వేషధారి నోరు విప్పకముందే పసివాళ్ళు తల్లి ఒడిలో ముఖం దాచుకుంటారు. వారిని భయపెట్టేది వేషం ఒక్కటే కాదు, వాద్యం కూడా. కంటికి కనిపించేదానికి చెవికి వినిపించేది తోడైతేనే రసం పండుతుంది. సినిమాకు ఇంకా మాట రాని రోజుల్లో ఈ సంగతి గ్రహించి, తన సర్వస్వాన్నీ ఒడ్డిన తెలుగువాడు రఘుపతి వెంకయ్య.

సినిమా పుట్టినప్పుడు మూగది. తెరమీద మనుషులు నడిచేవారు, నవ్వేవారు, ఏడ్చేవారు. కాని వారి గొంతు వినిపించేది కాదు. అందుకే వాటిని మూకీలు అన్నారు. అయితే మూకీ ఆడే చోటు నిశ్శబ్దంగా ఉండేది కాదు. తెర పక్కన హార్మోనియం, తబలా, ఫిడేలు వాయించేవారు కూర్చొనేవారు. తెరమీద గుర్రం పరుగెత్తితే తబలా కూడా పరుగెత్తేది. దయ్యం కనబడితే ఫిడేలు సన్నగా మూలిగేది. చదువు రానివారి కోసం వ్యాఖ్యాత ఒకడు నిలబడి, తెరమీద పడే అక్షరాలను చదివి కథ చెప్పేవాడు. పక్క ఊరిలో అదే బొమ్మకు వేరే వాద్యగాళ్ళు, వేరే బాణీ. బొమ్మ పాతదే అయినా సంగీతం ప్రతి ఊరిలోను కొత్తదే.

వెంకయ్య 1869లో మచిలీపట్నంలో జన్మించారు. యౌవనంలోనే మద్రాసు చేరి, ఫోటోలు తీసే వృత్తిని చేపట్టి, సొంతంగా స్టూడియో పెట్టుకున్నారు. ఆ పనిలో మంచి పేరు, తగిన రాబడి లభించాయి. ఆయన అంతటితో తృప్తిపడి ఉంటే జీవితం సుఖంగానే గడిచిపోయేది. కాని కదలని బొమ్మలు తీసే ఆయన మనస్సు కదిలే బొమ్మలపైకి మళ్ళింది.

1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని గురించిన ప్రకటన ఆయన కంటబడింది. ఫ్రాన్సు దేశంలోని గోమాంట్ సంస్థ రూపొందించిన యంత్రమది. సినిమా చూపే ప్రొజెక్టరును, గ్రామఫోను రికార్డును జతపరచి ఒకేసారి నడపడం దాని ప్రత్యేకత. తెరమీద గాయకుడు పెదవి కదిపితే రికార్డులోని పాట వినబడుతుంది. మైకులు, లౌడు స్పీకర్లు లేని కాలం కాబట్టి, గాలిని ఒత్తిడితో పంపి ఆ ధ్వనిని పెద్దది చేసేవారు. వెంకయ్య వెనుదీయలేదు. తన స్టూడియోను తాకట్టు పెట్టి ఆ యంత్రాన్ని తెప్పించారు.

మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శనలు మొదలయ్యాయి. బొమ్మ పాడుతుంటే జనం విస్తుపోయారు. తరువాత ఆయన యంత్రాన్ని వెంటబెట్టుకొని దక్షిణ దేశమంతా తిరిగారు. సముద్రం దాటి సింహళానికీ, బర్మాకూ వెళ్ళారు. కరెంటు లేని ఊళ్ళు, సరిలేని దారులు, సున్నితమైన యంత్రం. ఈ కష్టాలన్నింటినీ ఆయన ఓర్చుకున్నారు.

అయితే యంత్రానికి ఒక లోపం ఉండేది. ఫిల్ము ఒక్కచోట తెగినా, రికార్డు కొంచెం జారినా బొమ్మకూ పాటకూ పొత్తు కుదిరేది కాదు. పైగా రికార్డు కొన్ని నిమిషాలకే అయిపోతుంది. అందువల్ల చిన్న చిన్న దృశ్యాలకే అది పనికివచ్చేది. ఇంతలో పొడవైన కథాచిత్రాలు వచ్చాయి. ప్రేక్షకులు అటు మొగ్గారు. యంత్రం వెనుకబడింది గాని వెంకయ్య వెనుకబడలేదు.

ఆయన మద్రాసులో డేరా వేసి చిత్రాలు చూపించారు. 1914లో గెయిటీ థియేటరును నిర్మించారు. మద్రాసులో ఒక భారతీయుడు కట్టించిన మొదటి సినిమా థియేటరు అదే. తరువాత క్రౌన్, గ్లోబ్ థియేటర్లు వెలిశాయి. వాటిలో విదేశీ చిత్రాలు ఆడేవి. మాంత్రికులు, ప్రేతాత్మలతో నిండిన ‘మిస్టరీస్ ఆఫ్ మైరా’ వంటి అమెరికా ధారావాహికలను చూడటానికి జనం విరగబడేవారు.

పరదేశపు చిత్రాలు చూపడంతో ఆయనకు తనివి తీరలేదు. మన కథలను మనమే తీయాలనుకున్నారు. కుమారుడు ప్రకాశ్‌ను ఇంగ్లండు పంపి చిత్ర నిర్మాణం నేర్పించారు. ప్రకాశ్ తిరిగివచ్చాక తండ్రీకొడుకులు మద్రాసులో ‘స్టార్ ఆఫ్ ది ఈస్ట్’ సంస్థను స్థాపించారు. 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ వెలువడింది. దర్శకుడు ప్రకాశే, భీష్ముడూ ఆయనే. ప్రతిజ్ఞ అంటే నోటితో పలికే మాట. ఆ మాటను వినిపించకుండా, ముఖంతోను, చేతులతోను చూపించవలసి వచ్చింది. మిగిలిన భారం తెరమీది అక్షరాలపైన, వాద్యగాళ్ళపైన పడింది. ఇందులో ఒక మేలు కూడా ఉంది. మూకీకి భాషాభేదం లేదు. తెలుగువారు, తమిళులు, కన్నడిగులు పక్కపక్కన కూర్చొని ఒకే బొమ్మను చూడగలిగేవారు.

ఆ సంస్థ మరికొన్ని చిత్రాలు తీసింది. కాని ఖర్చులు పెరిగాయి, అప్పులు మీదపడ్డాయి. కష్టపడి కట్టుకున్న థియేటర్లు చేయి జారిపోయాయి. 1931లో ‘ఆలం ఆరా’తో భారతీయ సినిమాకు మాట వచ్చింది. వెంటనే హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో ‘భక్త ప్రహ్లాద’ తెలుగులో మాట్లాడింది. ఇరవై ఏళ్ళ ముందే బొమ్మకు గొంతు తేవాలని తపించిన వెంకయ్య ఆ మార్పును కళ్ళారా చూశారు. అప్పటికి ఆయన చేతిలో ధనం లేదు. 1941లో ఆయన కన్నుమూశారు. 1980లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయన పేర పురస్కారాన్ని నెలకొల్పింది.

1922లో జర్మనీలో ముర్నౌ అనే దర్శకుడు ‘నోస్ఫెరాటు’ అనే రక్తపిశాచి చిత్రాన్ని తీశాడు. దాని ప్రతులన్నీ నాశనం చేయాలని 1925లో న్యాయస్థానం ఆజ్ఞాపించింది. అయినా ఇతర దేశాలకు చేరిన కొన్ని ప్రతులు దక్కాయి. దానికి హాన్స్ ఎర్డ్‌మన్ కూర్చిన సంగీతం చాలావరకు పోయింది. అందుచేత నేటి సంగీతజ్ఞులు కొత్త బాణీలు కట్టి, ఆ బొమ్మ ఆడుతుండగానే ప్రేక్షకుల ఎదుట వాయిస్తున్నారు. నూరేళ్ళ నాటి మూగబొమ్మ కొత్త సంగీతంతో మళ్ళీ భయపెడుతోంది.

‘భీష్మ ప్రతిజ్ఞ’కు ఆ భాగ్యం లేదు. ఆనాటి నైట్రేటు ఫిల్ము ఇట్టే అంటుకొనేది, నిలవ ఉంటే పొడి అయిపోయేది. దానిలోని వెండి కోసం కరిగించినవారూ ఉన్నారు. మన దేశంలో వెయ్యికి పైగా మూకీలు తయారైతే, మిగిలినవి అతి కొద్ది. 1964లో పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారం ఏర్పడేనాటికే చాలా నష్టం జరిగిపోయింది. నేడు వెంకయ్య చిత్రానికి కొత్త సంగీతం కూర్చడానికి వాద్యగాళ్ళు దొరుకుతారు. దొరకనిది బొమ్మే.

సాహసించి ఒక కళను తేవడం గొప్ప పని. తెచ్చినదాన్ని దాచి తరువాతివారికి అందించడం కూడా అంతే గొప్ప పని. మొదటి పని వెంకయ్య చేశారు. రెండవది ఆయన తరువాతివారు చేయవలసిన పని. మన ఇళ్ళలోని తాటాకు పుస్తకాలు, తాతలనాటి ఫోటోలు, అవ్వల నోట నిలిచిన పాటలు ఈనాటికీ ఆ పని కోసమే ఎదురుచూస్తున్నాయి.