వెన్నెలకంటి రాఘవయ్య

నెల్లూరు మండలమున సముద్రతీరము పొడవునను, పులికాటు సరస్సు పరిసరములందును, శ్రీహరికోట అడవులందును యానాదులు తరతరములుగా నివసించుచు వచ్చిరి. చేపలు పట్టుట, తేనెయు కందమూలములును సేకరించుట, మూలికలను గుర్తించుట వారికి వెన్నతో పెట్టిన విద్యలు. పల్లెలలో రైతులు పంటలకును కళ్ళములకును వారినే కావలి యుంచెడివారు. రాత్రియెల్ల ధాన్యపురాసులు వారి రక్షణలో నుండెడివి. అయినను ఊర దొంగతనము జరిగినచో మొదట అనుమానింపబడువాడు యానాదియే! ధాన్యమును నమ్మి యప్పగించిన సంఘము మనుష్యుని మాత్రము నమ్మకుండెను.

ఈ యనుమానమునకు చట్టము తోడయ్యెను. ఆంగ్ల ప్రభుత్వము 1871లో చేసిన నేరజాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికిని వచ్చెను. యానాదులలో కొన్ని వర్గములు దాని పాలబడెను. పట్టికలో చేరినవారు వ్రేలిముద్రలు ఇయ్యవలెను. పోలీసులయెదుట హాజరు పలుకవలెను. దొంగతనమెరుగని వానికిని పుట్టుకయే నేరమయ్యెను.

ఈ యన్యాయము నెదిరించిన మహనీయుడు వెన్నెలకంటి రాఘవయ్యగారు. వారు 1897లో నెల్లూరు మండలమున జన్మించిరి. న్యాయశాస్త్రము చదివి న్యాయవాదియైరి, స్వాతంత్ర్యోద్యమమున పాల్గొనిరి. న్యాయవాదికి ధనము నార్జించు మార్గములు పెక్కు గలవు. రాఘవయ్యగారు చిల్లిగవ్వయు నియ్యలేని యానాదుల పక్షమున నిలిచిరి. ఏండ్ల తరబడి పీడింపబడినవారు క్రొత్తవానిని నమ్ముట సులభము కాదు. చెప్పినది చేసి చూపిన కొలదియే నమ్మకము కుదురును. రాఘవయ్యగారు యానాదులను సంఘముగా కూర్చి, వారి బిడ్డల చదువునకై పాటుపడిరి. శిక్ష చేసిన నేరమునకే గాని పుట్టిన కులమునకు తగదని ఎడతెగక వాదించిరి. యానాదుల జీవితమును గూర్చి గ్రంథమును రచించిరి.

ఇట్టివారి కృషి ఫలించి 1947లో మద్రాసు రాష్ట్రమునను, 1952 ఆగస్టు 31న దేశమంతటను ఆ చట్టము రద్దయ్యెను. 1973లో భారత ప్రభుత్వము రాఘవయ్యగారిని పద్మభూషణ బిరుదముతో సత్కరించెను. 1981లో వారు కీర్తిశేషులైరి.

చట్టము కలపుపోటుతో పోవును. మనసులోని యనుమానము అంత సులభముగా పోదు. నేడు పల్లెలు పట్టణములగుచున్నవి, ఎరుగనివారు ఇరుగుపొరుగులగుచున్నారు. బాలలారా! పొరుగువానిని కులముచే గాక నడవడిచే తెలిసికొనుడు. కళ్ళము కాచినవానిని గడపలోనికి ఆదరముతో పిలిచిననాడే రాఘవయ్యగారు తలపెట్టిన కార్యము నెరవేరును.