గగనపథ నిర్దేశకుడు జెప్పెసన్

విమానం నింగికి ఎగరడం ఒక అద్భుతమైతే, అది క్షేమంగా నేలకు దిగడం అంతకు మించిన అద్భుతం. దిగవలసిన రన్‌వే పొడవెంత, దాని చివర గుట్టలున్నాయా, చెట్లున్నాయా, అందులో ఏ భాగాన్ని మూసివేశారు అన్న విషయాలు పైలట్‌కు ముందే తెలిసి ఉండాలి. తెలియనప్పుడు ఎంతటి నైపుణ్యమైనా అక్కరకు రాదు. ఈ సత్యాన్ని గ్రహించి, ఆ సమాచారాన్ని సేకరించి తోటివారికి అందించడమే జీవిత ధ్యేయంగా చేసుకున్న వైమానికుడు ఎల్రే జెప్పెసన్.

డెన్మార్క్ నుండి అమెరికాకు వలస వచ్చిన కుటుంబంలో, లూసియానా రాష్ట్రంలోని లేక్ చార్లెస్ పట్టణంలో 1907 జనవరి 28న జెప్పెసన్ జన్మించాడు. ఆయన బాల్యం ఒరెగాన్ రాష్ట్రంలో గడిచింది. పద్నాలుగేళ్ళ ప్రాయంలో, ఊరూరా తిరుగుతూ విమాన విన్యాసాలు చూపే ఒక పైలట్ వెంట తొలిసారి ఆకాశంలో విహరించాడు. ఆనాటి నుండి ఆయన మనసు నేల మీద నిలువలేదు. ఇరవై ఏళ్ళ వయసులో ఒక విమాన విన్యాస బృందంలో చేరాడు. 500 డాలర్లు వెచ్చించి పాత ‘జెన్నీ’ విమానాన్ని సొంతం చేసుకున్నాడు. ఆయన పొందిన పైలట్ లైసెన్సుపై విమాన నిర్మాత ఆర్విల్ రైట్ సంతకం ఉండటం విశేషం.

1930లో జెప్పెసన్ టపా విమానాలు నడిపే ఉద్యోగంలో ప్రవేశించాడు. షయాన్, సాల్ట్ లేక్ సిటీ నగరాల నడుమ, మంచుకొండల మీదుగా సాగే ఆయన మార్గం మిక్కిలి ప్రమాదకరమైనది. ఆ కాలంలో పైలట్లకు ప్రత్యేకమైన పటాలు చాలా అరుదు. మోటారు వాహనదారుల కోసం అచ్చువేసిన రోడ్డు పటాలను చూసుకుంటూ, రైలు పట్టాలను గుర్తుపట్టుకుంటూ ప్రయాణించేవారు. మేఘాలు కమ్ముకున్నప్పుడు ఆ కొండ గుర్తులు కూడా కనిపించేవి కావు. ఒకే శీతకాలంలో తన సహచరులు పలువురు దుర్మరణం పాలుకావడం జెప్పెసన్‌ను తీవ్రంగా కలచివేసింది. వారిలో ధైర్యానికి కొదవ లేదు, కొరవడినది సమాచారమే.

ఆయన పది సెంట్లకు ఒక చిన్న నల్ల అట్ట పుస్తకం కొన్నాడు. ప్రతి విమాన క్షేత్రం పొడవు, వాలు, సముద్రమట్టం నుండి దాని ఎత్తు, సమీపంలోని అడ్డంకులు, దీపాల స్థానాలు అందులో రాసుకున్నాడు. వాతావరణం ఎలా ఉందో చెప్పగల రైతుల టెలిఫోను నంబర్లను సైతం చేర్చాడు. సెలవు రోజుల్లో ఎత్తును తెలిపే ఆల్టీమీటర్లను వెంటబెట్టుకొని కొండలూ, పొగగొట్టాలూ, నీటి ట్యాంకులూ ఎక్కి కొలతలు తీసుకున్నాడు. మేఘాల మధ్య నుండి విమానాన్ని దశలవారీగా కిందికి దించే పద్ధతులను రేఖాచిత్రాలుగా గీశాడు.

ఆ పుస్తకం సంగతి తెలిసిన తోటి పైలట్లు ప్రతులు కావాలని కోరసాగారు. 1934లో సాల్ట్ లేక్ సిటీలో తన ఇంటి నేలమాళిగలోనే ఆయన ప్రచురణ సంస్థను ప్రారంభించి, ఒక్కొక్క ప్రతిని పది డాలర్లకు అందించాడు. విమాన పరిచారికగా పనిచేసిన నాడీన్‌ను 1936లో వివాహమాడాడు. ఆమె ఈ కార్యంలో ఆయనకు చేదోడువాదోడుగా నిలిచింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా నౌకాదళం ఆయన మార్గదర్శినిని వినియోగించుకుంది. 1954లో పైలట్ ఉద్యోగానికి స్వస్తి చెప్పి, పూర్తి కాలాన్ని పటాల తయారీకే కేటాయించాడు.

ఆ పుస్తకం గొప్పదనమంతా దాని విడి పుటలలో ఉంది. ఒక విమానాశ్రయంలో మార్పు జరిగితే పాత పుట తీసివేసి కొత్త పుట చేర్చవచ్చు. కాలం చెల్లిన సమాచారాన్ని నమ్మడం, సమాచారమే లేకపోవడం కన్నా ప్రమాదకరమని ఆయనకు తెలుసు. అయితే మరమ్మతుల కోసం రన్‌వేను కొన్నాళ్ళు మూసివేయడం, దాని పొడవును తగ్గించడం, దీపాలు పనిచేయకపోవడం వంటి తాత్కాలిక విషయాలను పటంలో ముద్రించడం సాధ్యం కాదు. వాటిని తెలియజేయడానికి ‘నోటామ్’ అనే సంక్షిప్త ప్రకటనలు ఏర్పడ్డాయి. భారతదేశంలో వీటిని విమానాశ్రయాల ప్రాధికార సంస్థ జారీ చేస్తుంది. ప్రయాణానికి ముందు పైలట్లు పటాలతో పాటు ఈ ప్రకటనలను కూడా పరిశీలించాలి.

సమాచారం అందినంత మాత్రాన చాలదు. అవసరమైన క్షణంలో అది మనసులో మెదలాలి, నేల మీది గుర్తులూ దానికి తోడుపడాలి. 2000 అక్టోబరు 31న తైపేలో తుఫాను వేళ, ఒక విమానం మరమ్మతుల కోసం మూసివేసిన రన్‌వే మీద పొరపాటున పరుగుతీసి, నిర్మాణ యంత్రాలను ఢీకొనగా 83 మంది మరణించారు. జెప్పెసన్ చేపట్టిన పని ఎన్నటికీ ముగిసేది కాదని ఆ విషాదం చాటింది.

1995లో ప్రారంభమైన డెన్వర్ విమానాశ్రయపు ప్రధాన భవనానికి జెప్పెసన్ పేరు పెట్టి, ఆయన విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. 1996 నవంబరు 26న, 89 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశాడు. తనకు తెలిసిన విషయాన్ని తనలోనే దాచుకొని ఉంటే ఆయన ఒక్కడే క్షేమంగా ఇల్లు చేరేవాడు. దానిని నలుగురికీ పంచినందువల్ల, ఆయనను ఎన్నడూ చూడని ప్రయాణికులు కూడా నేడు క్షేమంగా తమ గమ్యాలకు చేరుతున్నారు.