జేమ్స్ బ్లాక్: గుండె పరుగుకు కళ్లెం వేసిన శాస్త్రవేత్త

మెట్లెక్కినప్పుడు గుండె వేగం పెరుగుతుంది. శ్వాసనాళాలు విప్పారి ఊపిరికి దారి సుగమం చేస్తాయి. ఈ రెండింటిలోనూ అడ్రినలిన్‌కు పాత్ర ఉంది. దాని ప్రభావాన్ని గుండె దగ్గర అడ్డుకుంటే రోగికి మేలు జరుగుతుందని ఊహించి, ఆ ఊహను ఔషధంగా మలచిన వ్యక్తి సర్ జేమ్స్ బ్లాక్. అదే ఔషధం కొందరి ఊపిరికి ముప్పు తేగలదన్న సత్యం కూడా ఆయన కథలో భాగమే.

బ్లాక్ 1924 జూన్ 14న స్కాట్లండ్‌లోని ఉడింగ్‌స్టన్‌లో జన్మించారు. తండ్రి గనుల ఇంజినీరు. ఐదుగురు కుమారులలో ఈయన నాలుగవవారు. గణిత ఉపాధ్యాయుని ప్రోద్బలంతో పదిహేనేళ్ల వయసులోనే సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష రాసి, ఉపకార వేతనం సంపాదించారు. 1946లో వైద్య పట్టా పొందారు. చదువుకు చేసిన అప్పులు తీర్చేందుకు సింగపూర్ వెళ్లి అధ్యాపకునిగా పనిచేశారు. 1950లో తిరిగివచ్చి గ్లాస్గో పశువైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్ర విభాగాన్ని నెలకొల్పారు.

సరఫరా కాదు, అవసరం

కారు ప్రమాదం కలిగించిన ఒత్తిడి అనంతరం తండ్రి గుండెపోటుతో మరణించడం బ్లాక్ ఆలోచనలపై గాఢమైన ముద్ర వేసింది. ఆందోళనలోను, శ్రమలోను అడ్రినలిన్ గుండెను తరుముతుంది. రక్తనాళాలు ఇరుకైన గుండెకు అప్పుడు ఆక్సిజన్ చాలక ఛాతీ నొప్పి పుడుతుంది. నాటి వైద్యం గుండెకు రక్త సరఫరా పెంచడంపైనే దృష్టి నిలిపింది. బ్లాక్ మరో వైపు నుంచి ఆలోచించారు. గుండె చేసే పనినే తగ్గిస్తే ఆక్సిజన్ అవసరం కూడా తగ్గుతుంది కదా అన్నది ఆయన తర్కం.

అందుకు ఆధారం అమెరికా శాస్త్రవేత్త రేమండ్ ఆల్క్విస్ట్ 1948లో ప్రతిపాదించిన సిద్ధాంతం. అడ్రినలిన్ ఆల్ఫా, బీటా అనే రెండు రకాల గ్రాహకాల ద్వారా పనిచేస్తుందని ఆయన చెప్పారు. 1958లో ఐసీఐ సంస్థలో చేరిన బ్లాక్, బీటా గ్రాహకాన్ని అడ్డగించే రసాయనం కోసం అన్వేషించారు. తొలి ఔషధం ప్రొనెథలాల్ రోగులకు ఉపకరించినా, ఎలుకలలో కణితులు కలిగించడంతో దానిని విడిచిపెట్టవలసి వచ్చింది. దాని స్థానంలో ప్రొప్రానొలాల్ వచ్చింది. నాలుగడుగులు వేస్తేనే ఛాతీ నొప్పితో ఆగిపోయేవారు మరికొంత దూరం నడవగలిగారు.

ఊపిరి దగ్గర చిక్కు

అయితే బీటా గ్రాహకాలు గుండెలోనే కాక శ్వాసనాళాలలోనూ ఉన్నాయి. గుండెలో ప్రధానమైనది బీటా-1, శ్వాసనాళాలలో ప్రధానమైనది బీటా-2 అన్న విభజన 1967లో వెలువడింది. ప్రొప్రానొలాల్ రెండింటినీ అడ్డుకుంటుంది. ఆరోగ్యవంతుల శ్వాసకు దీనివల్ల సాధారణంగా పెద్ద ఆటంకం ఉండదు. గుండె వేగం ఒక హద్దు దాటదు కనుక, తీవ్ర వ్యాయామంలో వారు త్వరగా అలసిపోవచ్చు. ఉబ్బసం ఉన్నవారి పరిస్థితి వేరు. వారి శ్వాసనాళాలు ప్రమాదకరంగా బిగుసుకుపోవచ్చు. ఉపశమనానికి పీల్చే సాల్‌బుటమాల్ కూడా బీటా-2 మీదనే పనిచేస్తుంది కనుక దాని శక్తి సన్నగిల్లుతుంది. అందుకే వైద్యులు ఉబ్బసం ఉన్నవారికి ప్రొప్రానొలాల్ ఇవ్వరు.

ఆ తరువాత ప్రధానంగా గుండె గ్రాహకాలనే అడ్డుకునే అటెనొలాల్ వంటివి వచ్చాయి. మోతాదు పెరిగితే ఆ తేడా చెరిగిపోవచ్చు. ఈ మందులు వాడేవారి నాడి శ్రమ తీవ్రతను సరిగా చూపదు. నడుస్తూ మాట్లాడగలుగుతున్నామా లేదా అన్నదే వారికి మెరుగైన కొలమానం. కొత్తగా ఆయాసం కనిపిస్తే వైద్యునికి తెలపాలి. మందును తమంతట తాము హఠాత్తుగా మానరాదు. అది గుండెకే ప్రమాదం.

మరో విజయం

బ్లాక్ 1964లో ఐసీఐని వీడి, అదే పద్ధతిని హిస్టమిన్‌పై ప్రయోగించారు. ఫలితంగా కడుపు పుండ్లకు సిమెటిడిన్ లభించింది. 1988లో గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్‌లతో కలిసి వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్నారు. 2010 మార్చి 22న, 85 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఔషధం శరీరంలో ఏ గ్రాహకాన్ని తాకుతుందో ముందే నిర్ణయించుకొని అణువును రూపొందించే మార్గాన్ని ఆయన చూపారు. ఆ గ్రాహకం మరెక్కడ ఉన్నదో కూడా తెలుసుకోవాలన్న హెచ్చరిక, ఉబ్బస రోగుల ఊపిరి నేర్పిన పాఠం.