హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు

గ్రంథమున నిలిచిన కీర్తన గాయకుని కంఠమున కూడ నిలిచినప్పుడే జీవించియున్నదనుట సంగీతమునందు అనుభవసిద్ధమైన మాట. తెలుగునాట ఈ మాటకు పెద్ద నిదర్శనముగా నిలుచువారు వాగ్గేయకారులైన శ్రీ ఆదిభట్ల నారాయణదాసుగారు.

తుని నుండి రైలుదారిని ఉత్తరముగా పోవువారికి విశాఖపట్టణము దాటిన పిమ్మట విజయనగరమును, అచ్చటినుండి చీలిన దారిలో బొబ్బిలియు తగులును. ఆ బొబ్బిలికి చేరువనున్న అజ్జాడ గ్రామమున 1864 ఆగస్టు 31వ తేదీన దాసుగారు జన్మించిరి. తండ్రి వేంకటచయనులు, తల్లి లక్ష్మీనరసమ్మ. తలిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. ఐదేండ్ల ప్రాయమున ఒక పుస్తకముల అంగడిలో భాగవతము కావలెనని ఆయన పట్టుబట్టెననియు, అంత చిన్నవానికి అది ఏల అని అంగడివాడు సందేహింపగా పద్యములు గడగడ చదివి ఆ గ్రంథమును బహుమానముగా పొందెననియు చెప్పుదురు. పుస్తకముతో ఆనాడు కుదిరిన స్నేహము తుదివరకు సడలలేదు.

బాల్యమున బొబ్బిలిలో వైణికులైన వాసా సాంబయ్యగారి చెంత సంగీతమును అభ్యసించి, ఇంగ్లీషు చదువునకై విజయనగరము చేరిరి. 1883లో మద్రాసునుండి వచ్చిన కుప్పుస్వామి నాయుడుగారి హరికథ ఆ ఊర విని ముగ్ధులైరి. ఆ ఏటనే ధ్రువచరిత్రమును తామే రచించి, తామే గానము చేసిరి. పందొమ్మిదేండ్ల యువకుడు ఆనాడు పట్టిన చిరుతలను జీవితాంతము విడువలేదు.

హరికథ అనగా పురాణ శ్రవణము మాత్రమే కాదు. కాళ్లకు గజ్జెలు, చేత చిరుతలు, మెడలో పూలదండ ధరించిన ఒక్క మనిషి కథ చెప్పవలెను, పాడవలెను, ఆడవలెను, ఆయా పాత్రలై కన్నీరు పెట్టింపవలెను, నవ్వింపవలెను. నారాయణదాసుగారు ఈ ప్రక్రియను కావ్యస్థాయికి లేవనెత్తిరి. పద్యము, ద్విపద, మంజరి, వచనము, కీర్తన ఒకదానివెంట ఒకటి రసమునకు తగినట్లు కూర్చిరి. కచేరిలో కొద్దిమంది రసికులు మాత్రమే ఆస్వాదించు రాగములు, తాళములు కథతో పెనవేసికొని పందిరి క్రింద చాపపై కూర్చున్న రైతునకును, గృహిణికిని అందినవి. శాస్త్రము తెలియనివారు కథకొరకు వచ్చి సంగీతమును వెంట గొనిపోయిరి. యథార్థ రామాయణము, రుక్మిణీకల్యాణము, అంబరీష చరిత్రము మొదలగునవి ఆయన కృతులు. సంస్కృతమున కూడ హరికథలు రచించిరి.

ఆయన లయజ్ఞానము వినువారికి విస్మయము కలిగించెడిది. రెండు చేతులు, రెండు పాదములు, శిరస్సు ఒక్కొక్కటి ఒక్కొక్క తాళమును చూపుచుండగా గానము సాగించు విద్య ఆయనకు పంచముఖీ పరమేశ్వరుడను ప్రఖ్యాతిని తెచ్చెను. రచనలో దీనికి సరిజోడు దశవిధ రాగ నవతి కుసుమమంజరి. తొంబది రాగములను ఒక మాలికగా కూర్చిన ఈ కృతిని, రామస్వామి దీక్షితులవారి 108 రాగతాళ మాలికతో పోల్చి విద్వాంసులు చెప్పుకొందురు.

విజయనగర ప్రభువు ఆనందగజపతి ఆయనను ఆదరించి ఆస్థానమున నిలిపెను. మైసూరు మహారాజు తమ ఆస్థానమున ఉండుమని కోరినను దాసుగారు సమ్మతింపలేదు. 1919లో విజయరామ గజపతి విజయనగరమున సంగీత పాఠశాలను నెలకొల్పగా దానికి తొలి అధ్యక్షులైరి. అచ్చట విద్యార్థిగా చేరగోరి వచ్చిన ద్వారం వేంకటస్వామినాయుడుగారి ఫిడేలు విని, ఈతడు నేర్చుకొనవలసినవాడు కాదు, నేర్పవలసినవాడని గ్రహించి ఆచార్యపదవినే ఇప్పించిరి. పెద్దవాడు తన పెద్దరికమును మరచి పరుల విద్యకు తలవంచుట అరుదు. 1936లో దాసుగారి తరువాత ఆ నాయుడుగారే అధ్యక్షులైరి. అనంతర కాలమున ఘంటసాల వేంకటేశ్వరరావుగారు చదివినది ఆ పాఠశాలలోనే.

దాసుగారి సాహిత్యకృషి సంగీతమునకు తీసిపోదు. పారసీక భాష నేర్చి, ఉమర్ ఖయ్యాము రుబాయతులను సంస్కృతమునకును, అచ్చతెలుగునకును తెచ్చిరి. ఆ గ్రంథము 1932లో వెలువడినది. నవరస తరంగిణిలో కాళిదాస షేక్‌స్పియరుల నాటకములలోని రసములను ప్రక్కప్రక్కన నిలిపి చూపిరి.

1945 జనవరి 2వ తేదీన ఆయన పరమపదించిరి. రచనలు గ్రంథరూపమున మిగిలినవి. అయినను త్యాగరాజ కీర్తన కచేరిలో వినబడినంతగా దాసుగారి కీర్తన వినబడదు. కారణము దోషము కాదు, ఆ రచన స్వభావమే. త్యాగరాజ కీర్తన తనంత తాను పూర్ణమైనది. దాసుగారి కీర్తన కథలో ఒక ఘట్టము. ముందు వెనుకల కథ తెలియక దానిని విడదీసి పాడిన సగము సౌందర్యము జారిపోవును. మొత్తము పాడుటకు గానము, నృత్యము, అభినయము, భాషాపాండిత్యము ఒక్కనియందే ఉండవలెను. అట్టివారు తరమునకు ఎందరు?

ఈ కొరతను తీర్ప పూనినవారు గోదావరి సీమయందే కలరు. 1973లో కపిలేశ్వరపురమున సర్వారాయ హరికథా పాఠశాల వెలసి, బాలికలకు సైతము ఈ విద్య నేర్పినది. గ్రంథాలయము చేయదగినది మరియొకటి కలదు. ఐదేండ్ల బాలుడు అంగడిలో భాగవతమును చూచి చేయిచాచినట్లు, రేపు ఒక బాలుడో బాలికయో చేయిచాచునప్పుడు దాసుగారి హరికథ అలమారలో అందుబాటున ఉండవలెను. పుస్తకము చిక్కిన కంఠము తానై దొరకును.