జ్వరం పట్టీలో రంగులు.. రైనిట్సర్ చలవే!

పిల్లల నుదుటి మీద పెట్టి జ్వరం చూసే ప్లాస్టిక్ పట్టీని మీరు మెడికల్ షాపులో చూసే ఉంటారు. అందులో పాదరసం ఉండదు, బ్యాటరీ ఉండదు. అయినా కాసేపటికి ఒక అంకె దగ్గర రంగు తేలుతుంది. ఆ రంగు వెనక ఫ్రీడ్రిక్ రైనిట్సర్ అనే వృక్షశాస్త్రవేత్త ఉన్నారు.

ఆయన 1857లో ప్రాగ్ నగరంలో పుట్టారు. మొక్కల్లోని రసాయనాలను పరిశోధించేవారు. ఈరోజు రక్తపరీక్ష రిపోర్టులో మీరు చూసే కొలెస్టరాల్‌ను అప్పట్లో పిత్తాశయ రాళ్లలో దొరికే మైనంలాంటి పదార్థంగానే ఎక్కువగా చెప్పుకొనేవారు. దాన్ని పోలిన పదార్థం క్యారెట్‌లోనూ కనిపించడంతో రైనిట్సర్ దృష్టి అటు మళ్లింది.

1888లో ఆయన కొలెస్టరాల్ నుంచి తయారైన కొలెస్టరిల్ బెంజోయేట్‌ను వేడిచేసి చూశారు. మామూలుగా శుద్ధమైన పదార్థం ఒకే ఉష్ణోగ్రత వద్ద కరుగుతుంది. ఇది మాత్రం రెండుసార్లు కరిగినట్టు కనిపించింది. 145.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంజిలా మసక ద్రవమైంది. 178.5 డిగ్రీలకు నీళ్లలా తేటపడింది. చల్లారుస్తుంటే ఇంకా వింత. తేట ద్రవంలో నీలం, ఊదా రంగులు క్షణకాలం మెరిసి మాయమయ్యాయి. అది మళ్లీ మసకబారింది. గట్టిపడబోయే ముందు ఆ రంగులే మరోసారి కనిపించాయి.

తనకు అర్థం కానిదాన్ని ఆయన పక్కన పడేయలేదు. 1888 మార్చిలో ఆహెన్‌లోని భౌతికశాస్త్రవేత్త ఒట్టో లేమాన్‌కు సుదీర్ఘమైన ఉత్తరం రాసి, నమూనాలు పంపారు. పదార్థాన్ని వేడిచేస్తూనే పరిశీలించే మైక్రోస్కోపు లేమాన్ దగ్గర ఉంది. ద్రవంలా పారుతూ, కాంతి విషయంలో స్ఫటికంలా ప్రవర్తించే స్థితి అందులో బయటపడింది. అదే ద్రవ స్ఫటికం. చాలామంది రసాయన శాస్త్రవేత్తలు ఏళ్లపాటు దీన్ని నమ్మలేదు. పేరు ఎక్కువగా లేమాన్‌కే దక్కింది. రైనిట్సర్ తర్వాత గ్రాజ్‌లో ప్రొఫెసర్‌గా పనిచేసి, 1927లో కన్నుమూశారు. జ్వరం పట్టీలను గానీ, ఎల్‌సీడీ తెరలను గానీ ఆయన చూడలేదు.

రంగు ఎలా వస్తుందంటే.. ఇందులో అణువుల పొరలు మెలిమెట్లలా కొద్దికొద్దిగా తిరుగుతూ పేర్చి ఉంటాయి. ఒక పూర్తి మలుపు పొడవును బట్టి ఒక రంగు కాంతి వెనక్కి వస్తుంది. చాలా రకాల్లో చల్లబడితే మెలి వదులై ఎరుపు వైపు, వేడెక్కితే బిగుసుకుని నీలం వైపు రంగు మారుతుంది. పట్టీలో ఒక్కో అంకె వెనక ఒక్కో ఉష్ణోగ్రతకు స్పందించే మిశ్రమం ఉంటుంది.

అయితే పట్టీ చెప్పేది చర్మం వేడి మాత్రమే. చెమట, ఫ్యాను గాలి, ఎండ ఆ అంకెను మార్చేస్తాయి. భూపాలపల్లి లాంటి బొగ్గుగనుల ప్రాంతంలో ఎండాకాలం ఇది మరీ ముఖ్యం. ఎండలో తిరిగొచ్చిన మనిషి తడబడుతూ మాట్లాడినా, స్పృహ తప్పినా పట్టీ చూస్తూ కూర్చోకండి. నీడకు చేర్చి, తడిబట్టతో ఒళ్లు తుడుస్తూ 108కి ఫోన్ చేయండి.

రైనిట్సర్ కంటికి కనిపించిన రంగుతో సరిపెట్టుకోలేదు, మెరుగైన పరికరం ఉన్నవారిని అడిగారు. మీరూ అంతే. పట్టీ రంగు మారితే డిజిటల్ థర్మామీటర్‌తో సరిచూసుకోండి. మూడు నెలల లోపు పసిబిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకు మించి ఉంటే వెంటనే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.