పదపథికుడు మాక్స్ డెన్

పదం అనగానే సాహిత్య విద్యార్థికి అర్థం స్ఫురిస్తుంది. ఛందస్సులో మాత్రం పద్యపాదాన్ని అర్థంతో నిమిత్తం లేకుండా గురులఘువుల వరుసగానే పరిశీలిస్తాము. గణితశాస్త్రంలోని సమూహ సిద్ధాంతం కూడా అర్థాపేక్ష లేని అక్షరాల వరుసను పదమనే వ్యవహరిస్తుంది. అటువంటి పదాల అధ్యయనానికి బాట వేసినవారిలో ప్రముఖుడు మాక్స్ డెన్.

డెన్ 1878 నవంబరు 13న జర్మనీలోని హాంబర్గు నగరంలో ఒక యూదు వైద్యుని ఇంట జన్మించాడు. గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో సుప్రసిద్ధ గణితవేత్త డేవిడ్ హిల్బర్ట్ వద్ద శిష్యరికం చేశాడు. నూతన శతాబ్దికి కానుకగా హిల్బర్ట్ 1900లో ప్రకటించిన 23 సమస్యలలో మొట్టమొదట పరిష్కారమైనది మూడవది. దానిని సాధించిన ఘనత ఇరవై రెండేళ్లయినా నిండని డెన్‌కు దక్కింది. ఘనపరిమాణం సమానమైనంత మాత్రాన ఒక ఘనరూపాన్ని ముక్కలుగా కోసి మరొకదానిగా కూర్చడం అన్నివేళలా సాధ్యం కాదని ఆయన నిరూపించాడు.

అనంతరం డెన్ దృష్టి ముడులపైన, వక్రతలాలపై గీసే బాటలపైన నిలిచింది. ఆ చింతనే ఆయనను పదాల వద్దకు చేర్చింది. దీనిని ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. ఒక బాటసారి మక్తల్ నుండి బయలుదేరాడనుకుందాం. అతడు వేసే ఒక్కొక్క అడుగును ఒక్కొక్క అక్షరంతో గుర్తిస్తే ఆ ప్రయాణమంతా ఒక పదమవుతుంది. తూర్పుకు ఒక అడుగు వేసి, వెనువెంటనే పడమరకు ఒక అడుగు వేస్తే ఆ రెండక్షరాలు పరస్పరం రద్దవుతాయి. ముందు తూర్పుకు, పిదప ఉత్తరానికి నడిచినా, ముందు ఉత్తరానికి, పిదప తూర్పుకు నడిచినా ఒకే చోటికి చేరడం ఒక నియమం. సమతలమైన నేలపై ఇది సులభమే. వక్రతలాలపై నియమాలు మారుతాయి, పదాలు చిక్కుపడతాయి.

ఈ నియమాలు మాత్రమే తెలిసినప్పుడు, ఎంత పొడవైన పదాన్ని ఇచ్చినా, బాటసారి బయలుదేరిన చోటికే తిరిగి వచ్చాడో లేదో నిశ్చయంగా తేల్చే పద్ధతి ఉన్నదా? 1911లో డెన్ సంధించిన ఈ ప్రశ్నకే పదసమస్య అని పేరు. మరుసటి ఏడే రెండు, అంతకు మించిన రంధ్రాలు గల వక్రతలాల విషయంలో ఆయన దీనిని పరిష్కరించాడు. పదంలో ఒక నియమానికి చెందిన సగానికి మించిన భాగం కనిపిస్తే, దానికి సమానమైన చిన్న భాగాన్ని ఆ స్థానంలో ఉంచాలి. ఇలా ప్రతిసారీ పదం కురుచవుతుంది. తుదకు ఏమీ మిగలకపోతే బాటసారి ఇల్లు చేరినట్లే. 1914లో డెన్ మూడు మెలికల ముడికీ, అద్దంలోని దాని ప్రతిరూపానికీ భేదమున్నదని నిరూపించాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యంలో సేవచేసిన డెన్, 1921లో ఫ్రాంక్‌ఫర్ట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. అక్కడ గురుశిష్యులు కలిసి ప్రాచీన గణితగ్రంథాలను మూలభాషలలోనే పఠించే గోష్ఠిని సాగించాడు. ఆయన శిష్యుడు విల్‌హెల్మ్ మాగ్నస్ 1932లో ఒకే నియమం గల సమూహాలన్నింటికీ పదసమస్యను పరిష్కరించి గురువు బాటను విస్తరించాడు.

ఇంతలో నాజీల పాలన వచ్చింది. యూదుడన్న కారణంగా 1935లో డెన్‌ను పదవి నుండి తొలగించారు. 1938 నవంబరులో నిర్బంధానికి గురై, విడుదలైన పిమ్మట ఆయన స్వదేశాన్ని వీడాడు. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో ఆశ్రయం పొందాడు. 1940లో జర్మన్ సేనలు అక్కడికీ వచ్చాయి. అరవై రెండేళ్ల వయసులో భార్యతో కలిసి స్వీడన్, రష్యా, సైబీరియా, జపాన్‌ల మీదుగా సుదీర్ఘ ప్రయాణం చేసి, 1941 ఆరంభంలో అమెరికా తీరం చేరాడు.

అమెరికాలో ఆయన స్థాయికి తగిన పదవి లభించలేదు. కొన్నిచోట్ల తాత్కాలికంగా బోధించి, 1945లో నార్త్ కరొలినాలోని బ్లాక్ మౌంటెన్ కళాశాలలో చేరాడు. అది కళాకారులు చదివే చిన్న విద్యాసంస్థ. స్వల్పవేతనంతోనే అక్కడ గణితంతో పాటు తత్త్వశాస్త్రాన్నీ, ప్రాచీన భాషలనూ బోధించాడు. విద్యార్థులను వెంటబెట్టుకొని అడవుల్లో నడుస్తూ పాఠాలు చెప్పేవాడు. చిత్రకళ అభ్యసించే విద్యార్థికి సైతం గణిత సౌందర్యాన్ని చూపడం చిన్నతనమని ఆయన భావించలేదు.

1948లో జర్మన్ గణితవేత్తల సంఘం తిరిగి సభ్యత్వం స్వీకరించమని ఆహ్వానించగా డెన్ నిరాకరించాడు. 1935లో తనవంటివారి పక్షాన నిలవని సంఘం, మరొకమారు అటువంటి విపత్తు వస్తే నిలుస్తుందన్న విశ్వాసం ఆయనకు కలుగలేదు. ఆగ్రహం కంటె ఆత్మగౌరవమే ఆ నిర్ణయంలో కనిపిస్తుంది. 1952 జూన్ 27న మరణించిన డెన్‌ను ఆ కళాశాల ఆవరణలోని వనంలోనే సమాధి చేశారు.

పదసమస్యకు సమాధానం ఆయన కాలానంతరం లభించింది. అన్ని సమూహాలకూ వర్తించే పద్ధతి అసలు ఉండదని 1955లో రష్యా గణితవేత్త నోవికోవ్, తరువాత స్వతంత్రంగా అమెరికా గణితవేత్త బూన్ నిరూపించారు. యంత్రగణనకు ఎల్లలున్నాయని చాటిన ఫలితాలలో ఇది ముఖ్యమైనది. సమాధానం ఎంత గొప్పదో, దానికి దారితీసిన ప్రశ్న కూడా అంత గొప్పది. పదవిని, ఇంటిని, దేశాన్ని కోల్పోయిన డెన్ నుండి ఆ ప్రశ్నను మాత్రం ఎవరూ హరించలేకపోయారు. విద్యాధనమంటే ఇదే.