గిడుగు రామమూర్తి పంతులుగారు

పాఠశాల పిల్లవానికి తెలిసినదానినుండి తెలియనిదానికి త్రోవ చూపవలెను. తెలియని మాటలలో తెలియని విషయమును బోధించినచో వానికి ఒక భారమునకు రెండు భారములగును. ఈ సామాన్యసత్యమును పండితులచేతను, ప్రభుత్వముచేతను ఒప్పింపవలెనని ముప్పదియేండ్లకు పైగా శ్రమించిన మహనీయులు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

వారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళప్రాంతమున పర్వతాలపేటలో వీర్రాజు, వేంకమ్మ దంపతులకు జన్మించిరి. తండ్రి రెవెన్యూ ఉద్యోగి. నర్సీపట్నమునకు పొరుగుననున్న చోడవరమునకు బదిలీయై, అచ్చటనే జ్వరపీడితులై 1875లో మరణించిరి. పండ్రెండేండ్ల బాలుడు విజయనగరము చేరి మహారాజావారి పాఠశాలలో చదివెను. గురజాడ అప్పారావుగారు అచ్చట సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషను ముగించి, కుటుంబభారముచే పై చదువుల నాశింపక, మరుసటియేట పర్లాకిమిడిలో ముప్పది రూపాయల జీతముపై ఉపాధ్యాయులైరి. తదుపరి పరీక్షలన్నియు ఉద్యోగము చేయుచునే యింట చదివి నెగ్గిరి.

పర్లాకిమిడి సంతకు కొండలనుండి సవరలు దిగివచ్చుచుండిరి. వారి పిల్లలకు బడి లేదు. ఉన్నను అందు వారి భాష లేదు. పంతులుగారు తెలుగు తెలిసిన సవరను ఒకనిని ఇంట నుంచుకొని ఆ భాష నభ్యసించిరి. లిపిలేని ఆ భాషలో వాచకములను, కథలను వ్రాసి, స్వంతధనముతో బడులు పెట్టించిరి. ప్రభుత్వము పారితోషిక మీయబోగా, దానితో సవరలకు బడులు పెట్టుడని కోరిరి. కొండజ్వరములకు విరుగుడుగా సేవించిన క్వినైనా వారి వినికిడిని హరించెను. పరుల మాటను చెవియొగ్గి విని వ్రాసికొనిన పండితునకు చెవులే పోయినవి. అయినను పని మానలేదు. వారి సవర వ్యాకరణము 1931లో వెలువడెను. 1934లో ప్రభుత్వము కైజర్-ఇ-హిందు పతక మొసగెను.

తెలుగుబాలుర కష్టమును వారు ఆ కంటనే చూచిరి. బాలుడు ఇంట నొక తెలుగు మాటలాడి, బడిలో వేరొక తెలుగు వ్రాయవలసియుండెను. ఆంగ్లేయుడైన పాఠశాలల పరీక్షాధికారి యేట్సుదొర సయితము ఈ భేదమునకు కారణమడిగెను. రామమూర్తిగారు, అప్పారావుగారు, విశాఖపట్నమున పి. టి. శ్రీనివాస అయ్యంగారు ఏకమై శిష్టవ్యావహారికమునకై ఉద్యమించిరి. ముప్పదియేండ్ల కొలువు 1911లో చాలించి పంతులుగారు పూర్తిగా ఇందే నిమగ్నులైరి. అప్పుడు స్కూలు ఫైనలు విద్యార్థి వ్యాసమును కావ్యభాషలోగాని వ్యావహారికములోగాని తన యిచ్చవచ్చినట్లు వ్రాయవచ్చునని అనుజ్ఞ లభించెను.

జయంతి రామయ్య పంతులుగారు మొదలగు పెద్దలు తీవ్రముగా ప్రతిఘటించిరి. వారి భయము నిర్హేతుకము కాదు. వాడుకభాష సీమకొక తీరు. దానిని గ్రంథముల కెక్కించినచో ప్రాచీనకావ్యములు పరాయివగునని వారి వాదము. కావ్యములను చదువవలదని రామమూర్తిగారు ఏనాడును అనలేదు. నేటి విషయమును నేటి శిష్టులభాషలో వ్రాయనిండని మాత్రమే కోరిరి. గ్రాంథికవాదులు తామే గ్రాంథికమున తప్పులు వ్రాయుచున్నారని పుటలు చూపి నిరూపించిరి. అయినను కొలదియేండ్లకే విద్యార్థుల కిచ్చిన స్వేచ్ఛ ఉపసంహరింపబడెను. 1915లో అప్పారావుగారు కాలధర్మము నొందిరి. పంతులుగారు వెనుదీయక 1919లో తెలుగు అను పత్రికను నడపిరి. ఊరూర సభలలో వాదించిరి.

1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడి పర్లాకిమిడి అందు చేరెను. అరువదేండ్లకు దగ్గరగా నివసించిన ఊరిని విడిచి వారు రాజమహేంద్రవరము చేరిరి. 1940 జనవరి 22న స్వర్గస్థులైరి. పాఠ్యగ్రంథములలో వాడుకభాష స్థిరపడుటను వారు కన్నులార చూడలేదు. వారి జన్మదినము నేడు తెలుగుభాషాదినోత్సవము.

ప్రశ్న మాత్రము తీరలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన పాఠశాలల ప్రాథమికతరగతులలో ఆంగ్లమాధ్యమమును తప్పనిసరి చేయగా, 2020లో ఉన్నతన్యాయస్థానము ఆ ఉత్తర్వులను కొట్టివేసెను. బిడ్డకు ఉద్యోగము కావలెనను తల్లిదండ్రుల ఆశ న్యాయమైనదే. తెలిసిన మాటలో తొలిపాఠము కావలెనను బిడ్డ అవసరమును న్యాయమైనదే. నర్సీపట్నము దాటి మన్యము నెక్కినచో, ఇంట కువి మొదలగు భాషలు మాటలాడు పిల్లలు నేటికిని కలరు. పంతులుగారు సవరపల్లెలలో ఎదుర్కొనిన ప్రశ్నయే వారి బడిగుమ్మమున నిలిచియున్నది.

గ్రామగ్రంథాలయమున నొక రైతుబిడ్డ నిఘంటువు నాశ్రయింపక పుస్తకమును తుదివరకు చదువగలిగినపుడెల్ల, దాని వెనుక చెవులు కోల్పోయిన ఆ ఉపాధ్యాయుని శ్రమ కలదని పాఠకులు స్మరింతురు గాక.